పెన్సిలు మీద సిరా

నేను రాసి ఇచ్చిన ధ్రువపత్రాన్ని డాక్టర్ హేమశ్రీ మార్చి నెల రెండవ సోమవారం ఉదయం తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దానితో పాటు అమెరికా నుంచి వచ్చిన ఒక ఉత్తరం నకలు కూడా ఉంది. నలభై ఆరు సంవత్సరాల వైద్యవృత్తిలో నేను ఎన్ని ధ్రువపత్రాలు రాసి ఉంటానో చెప్పలేను. తిరిగి వచ్చినది మాత్రం ఇదొక్కటే.

"తప్పేమైనా దొర్లిందా?" అని అడిగాను.

"తప్పు కాదు సార్. వాళ్లకి అది సరిపోదంట."

హేమశ్రీ కంచరపాలెంలో పుట్టి పెరిగినది. తండ్రి వరహాలు రైల్వే షెడ్డులో ఖలాసీగా పని చేసి రిటైరయ్యాడు. ఆమె చదువంతా ఈ ఊళ్లోనే సాగింది. ఈ ఊరు దాటి ఆమె పట్టుమని పది రోజులు ఎక్కడా ఉండలేదు. అయినా ఆ ఉత్తరం రాసిన అమెరికా వైద్య బోర్డు లెక్కలో ఆమె విదేశీ వైద్యురాలు. ధ్వని తరంగాలతో గుండె కదలికలను తెర మీద చూసే ఎకో పరీక్షలో ప్రావీణ్యం ఉన్నవారికి ఆ బోర్డు ఒక సర్టిఫికేషన్ ఇస్తుంది. అందుకు పెట్టే రాత పరీక్షలో ఆమె కిందటి సంవత్సరం మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణురాలైంది. ఇక మిగిలింది కాగితాలే. విదేశీ వైద్యులు తాము పూర్వం పని చేసిన విభాగపు అధిపతి నుంచి ధ్రువపత్రం తేవాలి. ఆ విభాగాధిపతిని నేను.

ఆమె ఇప్పుడు మధురవాడలో ఒక పెద్ద గుండె ఆసుపత్రిలో పని చేస్తోంది. ఆ సర్టిఫికేషన్ ఉన్నవారు మాత్రమే తుది నివేదిక మీద సంతకం చేయాలన్నది అక్కడి నియమం. అందువల్ల పరీక్ష చేసేది, చదివేది, రాసేది ఆమె. వారానికి రెండు రోజులు వచ్చి సంతకాలు చేసి వెళ్లేది మరొకాయన. ఆయన మే నెలలో వెళ్లిపోతున్నాడు. ఆ లోగా సర్టిఫికేషన్ వస్తే ఆ స్థానం ఆమెది. రాకపోతే మరో సంతకందారు వస్తాడు. దరఖాస్తు గడువు మార్చి ముప్పై ఒకటి.

భూతద్దం పెట్టుకుని బోర్డు ఉత్తరం చదివాను. మర్యాదగానే రాశారు. మొదటి సంవత్సరపు శిక్షణను అంగీకరించారట. శిక్షణ ముగిశాక వరుసగా రెండు సంవత్సరాలు, ఏడాదికి నాలుగు వందలకు తక్కువ కాకుండా, అభ్యర్థి స్వతంత్రంగా పరీక్షలు చదివి ఉండాలట. ప్రతి నివేదికనూ తాను స్వయంగా చూసి సరిదిద్దానని విభాగాధిపతే చెబుతున్నందువల్ల, అభ్యర్థి స్వతంత్రంగా చదివినట్లు పరిగణించడం సాధ్యం కాదట.

ఆ వాక్యం నాదే. 'డాక్టర్ హేమశ్రీ చేసిన ప్రతి పరీక్షనూ నేను స్వయంగా చూసి, సరిదిద్ది, సంతకం చేశాను.' ఒక వైద్యురాలికి ఇంతకు మించిన పూచీ ఎవరివ్వగలరని అనుకుని రాశాను. ఆ పూచీయే ఆమెకు అడ్డం పడింది.

"అయితే ఇప్పుడు నన్నేమి రాయమంటావు?"

"రెండో ఏడు నుంచి రిపోర్టులు ఎవరు చదివారో, అది రాయండి సార్."

"వాటి మీద సంతకం నాది."

"సంతకం మీదే సార్."

అంతవరకే అని ఊరుకుంది. తక్కిన మాట ఆమె అనదని నాకు తెలుసు. అనకపోవడం వల్లనే నాకు కోపం వచ్చింది.

"చూడకుండా సంతకాలు చేశానని నా చేత రాయించుకోవడానికి వచ్చావా?"

"ఆ మాట నేను అనలేదు సార్."

"అనవలసిన అవసరం లేదు. చదువుకున్నవాణ్ణి, నాకు అర్థమవుతుంది."

ఆమె లేచి నిలబడింది. "మీకు ఇబ్బందైతే వద్దండి సార్. ఈ నెలాఖరు దాకా టైముంది" అని, కాగితాలు అక్కడే ఉంచి వెళ్లిపోయింది.

నా భార్య తాయారు కాఫీ గ్లాసులతో వచ్చేసరికి గేటు మూసుకున్న చప్పుడైంది. "అదేంటండీ, కాఫీ కూడా తాగనివ్వకుండా పంపించేశారా పిల్లని?" అంది.

వన్ టౌన్‌లో, పోర్టు గోడకు కూతవేటు దూరంలో, ఒక ధర్మసంస్థ నడిపే పాత ఆసుపత్రిలో నేను ఎకో విభాగాన్ని స్థాపించాను. డెబ్బయ్యవ ఏట పదవి విడిచే వరకు దానికి నేనే అధిపతిని. అక్కడ ఒక పద్ధతి ఏర్పరచాను. జూనియర్ వైద్యులు పరీక్ష చేసి, కొలతలూ అభిప్రాయమూ ఫారం మీద పెన్సిలుతో రాయాలి. సాయంత్రం నాలుగింటికి నేను కూర్చుని, ప్రతి పరీక్ష బొమ్మలనూ తెర మీద చూసి, తప్పు ఉంటే రబ్బరుతో చెరిపి సరిదిద్ది, ఒప్పు ఉంటే ఆ పెన్సిలు అక్షరాల మీదనే సిరాతో రాసి, కింద సంతకం చేయాలి. పెన్సిలు శిష్యుడిది, సిరా గురువుది. కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా నేను ఆ పద్ధతి మానలేదు. ఫారం మీద శిష్యుడి పేరు ఉండదు. ఉండాలని ఏనాడూ నాకు తోచలేదు.

2018 జూన్‌లో హేమశ్రీ చేరింది. మొదటి సంవత్సరం ఆమె ఫారాల మీద నేను చెరపని రోజు లేదు. చెరిపినందుకు చిన్నబుచ్చుకునేది కాదు. ఎందుకు చెరిపానో అడిగి తెలుసుకుని వెళ్లేది. ఆ సంవత్సరం గురించి నేను ధ్రువపత్రంలో రాసిన ప్రతి అక్షరం నిజం.

2019 సెప్టెంబరులో నా కుడికంటి రెటీనా నడిమి భాగం అరిగిపోతోందని చెన్నైలో ఒక వైద్యుడు చెప్పాడు. ఎడమ కన్నూ అదే దారిలో ఉందన్నాడు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు దగ్గరగా పెట్టుకుంటే కనిపించేవి. ఎకో బొమ్మ అలాంటిది కాదు. అది బూడిద రంగు మీద బూడిద రంగు. ఆ రెండింటి మధ్య తేడాలోనే రోగి ప్రాణం ఉంటుంది. ఆ తేడా నాకు కనబడడం మానేసింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి యథాప్రకారం కూర్చున్నాను. తెర వెలిగించాను. పెన్సిలు అక్షరాల మీద సిరాతో రాశాను. ఆ పిల్ల పని నేర్చింది, ఇక చెరపవలసినది ఏమున్నదని నాకు నేను చెప్పుకున్నాను. అలా, పదవి విడిచే వరకు, మూడు సంవత్సరాలకు కొద్ది నెలలు తక్కువ.

హేమశ్రీ వచ్చి వెళ్లిన మర్నాడు నేను ఆటోలో కంచరపాలెం బయలుదేరాను. మా ఎకో గదిలో ఇరవై రెండు సంవత్సరాలు అటెండరుగా పని చేసిన పైడయ్య ఉండేది అక్కడే. ఎందుకు వెళుతున్నానని తాయారు అడిగితే పలకరించి వస్తానన్నాను. నిజానికి నాకొక సాక్షి కావలసి వచ్చాడు.

పైడయ్య కోడలు రోజారమణి రైలు పట్టాల పక్క సందులో టిఫిన్ కొట్టు నడుపుతోంది. ఆ కొట్టు ముందు పీట మీద కూర్చుని అతడు ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు.

"బాబూ, మీరేటి ఇటొచ్చినారు? కబురంపితే నానే వచ్చీవోణ్ణి గదా."

"మావా, ముందు ఆరికి కుర్సీ ఎయ్యి. మాటలు తరవాత" అని లోపలి నుంచి కోడలు అంది. "ఇడ్లీ ఎడుతన్నాను బాబూ, కాదనకండి. మా మావ రోజూ మీ ఊసే సెప్తన్నాడు. మా డాకటరు బాబు అలాగ, మా డాకటరు బాబు ఇలాగ. ఇనీ ఇనీ నాక్కూడా గుండెజబ్బు వచ్చీలాగుంది."

"నీకు గుండెలో జబ్బేటి, అది రాయి" అన్నాడు పైడయ్య, ఉల్లిపాయ తొక్కలు పక్కకు నెడుతూ.

ఆమె పొయ్యి దగ్గరకు వెళ్లేదాకా ఆగి, నేను అడగదలచినది అడిగాను. "పైడయ్యా, నీకు జ్ఞాపకం ఉంటుంది. హేమశ్రీ మేడమ్ ఉన్న రోజుల్లో ప్రతి పరీక్షనూ నేను చూసే కదా సంతకం పెట్టేవాణ్ణి?"

అతడు ఒలిచిన ఉల్లిపాయను నీళ్లలో వేసి, చేతులు తుడుచుకున్నాడు.

"పెన్సిళ్లు సెక్కీవోణ్ణి నానే గదా బాబూ."

"అందుకేమిటి?"

"రబ్బర్లు తెచ్చీవోణ్ణీ నానే. మేడమ్ వచ్చిన కొత్తలో నెలకి రెండు రబ్బర్లు అరిగిపోయీవి. స్టోర్సులో ఆడు నన్ను ఏడిపించీవోడు, మీ డాకటరు రబ్బర్లు తింతన్నాడేటిరా అని. రెండో ఏడు నుంచి ఒక్క రబ్బరే. మీరు రిటైరయిన దాకా అదే రబ్బరు. ఇంకా కొత్తదానిలాగే మిగిలిపోనాది."

అతడు లోపలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"దాన్ని మీరు ఒక్క పాలే వాడినారు బాబూ. ఆ జగ్గయ్య కాయితం మీద."

జగ్గయ్య పేరు నేను మరిచిపోలేదు. స్టీలు ప్లాంటులో క్రేను నడిపే మనిషి. మూడు వారాలుగా విడవని జ్వరంతో 2021 జనవరిలో వచ్చాడు. 'మైట్రల్ కవాటం అంచున ఆరు మిల్లీమీటర్ల కదిలే గడ్డ, ఇన్‌ఫెక్షన్ అనుమానం' అని హేమశ్రీ పెన్సిలుతో రాసింది. అంత తీవ్రమైన మాట చూసి, ఆ సాయంత్రం నేను నిజంగానే బొమ్మ చూడాలని ప్రయత్నించాను. తెరకు ముఖం ఆనించి చూశాను. నాకు గడ్డ కనబడలేదు. నాకు కనబడనిది అక్కడ లేదని నిశ్చయించుకున్నాను. ఆ వాక్యం చెరిపి, 'కవాటాలు సాధారణం' అని సిరాతో రాసి, సంతకం చేసి, ఫారం పైడయ్య చేతికిచ్చాను. మర్నాడు ఉదయం నా బల్ల మీద కట్టలో అన్నిటికంటే పైన జగ్గయ్య పేరుతో మరొక కొత్త ఫారం ఉంది. దాని మీద అదే వాక్యం, పెన్సిలు కొంచెం గట్టిగా నొక్కి రాసి ఉంది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. దాని మీద సిరాతో రాసి సంతకం పెట్టాను. ఆరు వారాల ఇంజెక్షన్లతో జగ్గయ్య బతికాడు. భార్యను వెంటబెట్టుకుని, అరటిపళ్ల అత్తంతో వచ్చి, నా కాళ్లకు దండం పెట్టాడు. నేను పెట్టించుకున్నాను. హేమశ్రీ అప్పుడు గోడ వైపు తిరిగి, ఛాతీ మీద ఆనించి పరీక్ష చేసే ప్రోబుకు అంటిన జెల్లు తుడుస్తోంది.

"నేను సంతకం పెట్టిన మొదటి ఫారం ఏమయింది?" అని అడిగాను. నాలుగేళ్లుగా అడగని ప్రశ్న అది.

"సింపీసినాను బాబూ."

"చింపావా? నా సంతకం ఉన్న కాగితాన్నా?"

"నాను డాకటర్ని కాను. నాకు ఆ బొమ్మలు తెలీవు. గానీ మనుసుల్ని సూత్తాను గదా. ఆ పొద్దు మేడమ్ ఆ బొమ్మని ఒక్క పాలి సూసి ఊపిరి బిగబట్టింది. మీరేమో అద్దాలు ఎట్టినారు, తీసినారు, మళ్లీ ఎట్టినారు. ఎవుల్ని నమ్మాలో నాకు తెలీదేటి? కాయితం ఆడికి ఇవ్వనేదు. మేడమ్‌కి సెప్పి కొత్త ఫారం ఇచ్చినాను."

"నా కళ్ల సంగతి నీకు తెలుసా?"

"మీ సంతకం గీత మీంచి దిగిపోనాది బాబూ. అంతకు ముందు గీసినట్టుండీది." అతడు నా ముఖం చూడకుండా మరో ఉల్లిపాయ అందుకున్నాడు. "సార్‌కి ఏటీ సెప్పకు పైడయ్యా అంది మేడమ్. నాను సెప్పనేదు. ఈరోజు మీరే వచ్చి అడిగినారు, అబద్ధం ఆడలేక సెప్తన్నాను. తప్పయితే కొట్టండి."

రోజారమణి రెండు ఇడ్లీలు తెచ్చి పెట్టింది. నేను తిన్నాను. సాక్షి దొరికాడు, అయితే నేను వెతుక్కుంటూ వచ్చిన సాక్ష్యం వేరు.

ఇంటికి వచ్చి తాయారుకు మొత్తం చెప్పాను. ఆమె ఆశ్చర్యపడుతుందని అనుకున్నాను.

"ఆసుపత్రి సంగతి నాకు తెలీదండి. కళ్ల సంగతి తెలుసు" అంది. "పొద్దున్నే పేపరు పట్టుకుని పెద్ద హెడ్డింగులు చదివి పక్కన పెట్టేసేవారు. సంపాదకీయం చాలా బాగుంది తాయారూ అని మాత్రం రోజూ అనేవారు. చెబితే బాధపడతారని ఊరుకున్నాను."

నేను దాచాననుకున్నది ముగ్గురు మనుషులు నాకోసం దాచిపెడుతూ వచ్చారన్నమాట.

ధ్రువపత్రం తిరిగి రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంగ్లీషులో అటువంటి సంగతిని గౌరవంగా చెప్పి తప్పించుకోవడానికి వీలైన వాక్యాలు చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు నాకు వచ్చు. ఒక్కొక్కటి రాసి తాయారు చేత చదివించుకుని కొట్టివేశాను. చివరకు నిలిచినవి రెండు పేరాలు.

మొదటి పేరా: 2018 జూన్ నుంచి 2019 ఆగస్టు వరకు డాక్టర్ హేమశ్రీ నా పర్యవేక్షణలో శిక్షణ పొందారు. 2019 సెప్టెంబరు నుంచి 2022 జూన్ వరకు, ఏడాదికి ఎనిమిది వందలకు తక్కువ కాకుండా, పరీక్షలను ఆమె ఒక్కరే చదివారు. వాటి నివేదికలలోని ప్రతి అభిప్రాయమూ ఆమెది. సంతకం మాత్రమే నాది.

రెండవ పేరా: ఆ కాలంలో దృష్టిలోపం వల్ల నేను ఆ బొమ్మలను చదవగల స్థితిలో లేను. ఈ సంగతిని ఆసుపత్రికి తెలపకపోవడం నా దోషం. ఒకే ఒక్క సందర్భంలో నేను ఆమె అభిప్రాయాన్ని మార్చాను. ఆ మార్పు తప్పు, ఆమె మాట ఒప్పు. ఈ పత్రం నకలును నేను పని చేసిన ఆసుపత్రికి పంపుతున్నాను.

ఇరవై ఐదవ తేదీ ఉదయం కోర్టు దగ్గర నోటరీ ఆఫీసుకు హేమశ్రీని రమ్మన్నాను. బయట బల్ల మీద కూర్చుని ఆమె పత్రం మొత్తం చదివింది. రెండవ పేరా దగ్గర ఆగింది.

"సార్, ఇది బోర్డుకి అక్కర్లేదండి. మొదటి పేరా ఒక్కటీ చాలు. కళ్ల సంగతి తీసేద్దాం."

"తీసివేస్తే ఏమవుతుందో తెలుసా? నేను ఉదార బుద్ధితో నీకు స్వాతంత్ర్యం ఇచ్చినట్లు అవుతుంది. నేను ఇవ్వలేదు."

ఆమె కాగితం మడతలు సరి చేసింది.

"నాకు మొదటి నెల్లోనే తెలిసిపోయింది సార్."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఆ కుర్చీలో ఒక్క రోజు కూడా ఉండరు. అప్పుడు నా పెన్సిలు మీద ఇంకెవరో సిరా పెడతారు. మీరైతే మార్చరు కదా అనుకున్నాను." తల వంచుకుంది. "అది కూడా తప్పే సార్. జగ్గయ్య కాగితం చూసిన రోజు చాలా భయం వేసింది. ఆ రోజైనా చెప్పాల్సింది."

ఆమె దోషాన్ని నేను కాదనలేదు. అవునని కూడా అనలేదు. మా ఇద్దరి మధ్య ఆ మాత్రం నిజం ఉండవలసినదే.

లోపల నోటరీ గారు ముద్రలూ రిజిస్టరూ సిద్ధం చేసుకుని పత్రాన్ని నా ముందుకు జరిపారు. "ఇక్కడ సంతకం పెట్టండి డాక్టరుగారూ" అని వేలితో చూపించారు. వేలు తీసేశాక గీత ఎక్కడుందో నాకు కనబడలేదు. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. కలం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

హేమశ్రీ తన చేతిసంచిలో నుంచి పెన్సిలు తీసింది. నా పక్కకు వంగి, సంతకం మొదలు కావలసిన చోట ఒక చిన్న అడ్డగీత గట్టిగా నొక్కి గీసింది. నల్లని ఆ గీత నాకు కనిపించింది. దాని మీద కలం ఆనించి, నా పేరు మొత్తం రాశాను.

"ఆ పెన్సిలు గీత చెరిపేయమంటారా? రబ్బరు ఉంది" అన్నారు నోటరీ గారు.

"అక్కరలేదు" అన్నాను. "అది ఉండవలసినదే."

ఆసుపత్రి నుంచి నాకు ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. మీ ఉత్తరం అందింది, ఆ కాలపు నివేదికలను పునఃపరిశీలిస్తున్నాము అని రెండు వాక్యాలు. ఆసుపత్రి వార్షికోత్సవానికి ఏటా వచ్చే ఆహ్వానపత్రం ఈసారి రాలేదు. రావలసిన పని లేదు.

మే నెల మూడవ వారంలో హేమశ్రీ ఇంటికి వచ్చింది. సర్టిఫికేషన్ వచ్చిందని ఫోనులో అంతకు ముందే చెప్పింది. ఈసారి తాయారు కాఫీ తాగించే వరకు ఆమెను కదలనివ్వలేదు. కాఫీ అయ్యాక ఆమె ఒక నివేదిక నకలు తీసి నా ముందు పెట్టింది. రోగి పేరు ఎవరికీ తెలియకుండా దాని మీద కాగితం అతికించి ఉంది. ఆ నియమం నేను నేర్పినదే.

"మొదటిది సార్" అంది.

భూతద్దం అందుకోబోయాను. తరువాత ఎందుకో వద్దనిపించింది.

"నీ సంతకం ఎక్కడుందో చూపించు."

ఆమె నా చూపుడువేలు పట్టుకుని, కాగితం అడుగున, కుడివైపున ఆనించింది.